డెస్క్ సంగతి తర్వాత.. ముందు ఆ పిక్క వాపు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 36. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వర్క్ ఫ్రమ్ హోమ్. పొద్దున అరగంట నడుస్తాను. ఆ తర్వాత పది, పదకొండు గంటలు కుర్చీలోనే. వారం నుంచి ఎడమ పిక్క వాచి నొప్పిగా ఉంది. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకుంటూ, రాత్రిళ్లు మర్దన చేయించుకుంటున్నాను. స్టాండింగ్ డెస్క్ కొంటే సమస్య పోతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సలహా: మీరు డెస్క్ గురించి అడిగారు కానీ, నాకు కంగారుగా ఉన్నది మీ పిక్క గురించి. రోజంతా కూర్చుంటే సాయంత్రానికి రెండు కాళ్లూ బరువెక్కడం చాలామందికి ఉండేదే. ఒక్క కాలే వాచి, వారమైనా తగ్గలేదంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. దీన్నే డీవీటీ అంటాం. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగుసుకుంటూ రక్తాన్ని పైకి తోస్తాయి. గంటల తరబడి కదలకపోతే ఆ పని మందగిస్తుంది. మీకు అదేనని చూడకుండా చెప్పలేను. కండరం పట్టేసి ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు. డాక్టర్ పరీక్షించి, అవసరమైతే కాలికి రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ చేయిస్తారు. ఇవాళే వెళ్లండి. ఇంట్లో ఎవరికైనా ఇలా గడ్డకట్టి ఉంటే, ఈమధ్య మీరు దూర ప్రయాణం చేసి ఉంటే ఆ సంగతీ చెప్పండి.

మర్దన వెంటనే ఆపేయండి. గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంది. మాత్రల పేరు మీరు రాయలేదు. నొప్పి మాత్రలతో నొప్పి అణుగుతుంది, గడ్డ మాత్రం కరగదు. రేపు రక్తం పలచబరిచే మందు మొదలుపెట్టాల్సి వస్తే, కొన్ని రకాల నొప్పి మాత్రలు దానితో కలిసి రక్తస్రావం ముప్పు పెంచుతాయి. ఆ స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. చదువుకున్నవారు, వారం రోజులు షాపు మాత్రలతో నెట్టుకొచ్చారంటే బాధగా ఉందండీ. ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గితే రక్తం.. వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక డెస్క్. కదలకుండా నిలబడినా కాళ్ల సిరల మీద భారమే. మీ పొద్దుటి నడక కాస్త వేగంగా సాగితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల వ్యాయామం లెక్కకు సరిపోతుంది. అయితే 2020 మార్గదర్శకాల్లో ఆ సంస్థ కూర్చునే సమయాన్ని తగ్గించుకోమని విడిగా చెప్పింది. కాలు సంగతి తేలి, మీ డాక్టర్ సరేనన్నాక అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు అటూ ఇటూ తిరగండి. కెమెరా అక్కర్లేని కాల్స్ నడుస్తూ మాట్లాడండి. టేబుల్ మీద రెండు లీటర్ల బాటిల్ తీసేసి చిన్న గ్లాసు పెట్టుకుంటే, నీళ్లకోసమైనా లేస్తారు. భోజనమయ్యాక పది నిమిషాలు నడిస్తే షుగర్ ఒక్కసారిగా పెరగడం తగ్గుతుంది. ఇవన్నీ చేస్తూ డెస్క్ కూడా కొనుక్కుంటానంటే కొనుక్కోండి, అభ్యంతరం లేదు.