పాఠకుల ప్రశ్నలు: పాత ఓడ మీద పని, వలలో పడిన లంగరు

ప్రశ్న: ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి దగ్గరికి అమెరికాలోని శాన్‌డియాగో వెళ్తున్నాం, ఆరు నెలలుంటాం. అక్కడి రేవులో పాత తెరచాప ఓడను జీతం లేకుండా వచ్చేవాళ్లే చాలావరకు చూసుకుంటారట. నన్ను రానిస్తారా? ఏం పని ఇస్తారు?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీరు విన్నది స్టార్ ఆఫ్ ఇండియా గురించి. 1863లో యూటర్పీ అనే పేరుతో కట్టిన ఇనుప ఓడ. మన సముద్రం దానికి కొత్తేం కాదు. 1865లో మద్రాసుకు ఎదురుగా గాలివానలో చిక్కి, తెరచాప కొయ్యలు నరికేసుకుని శ్రీలంకలోని ట్రింకోమలీ చేరింది. ఇప్పుడు శాన్‌డియాగో మారిటైమ్ మ్యూజియంలో ఉంది.

ముందు వీసా సంగతి. విజిటర్ వీసా మీద జీతానికి పని చేయకూడదు. ఇది ఉచిత సేవే అయినా, మీ వీసా ఏదో మ్యూజియం వాళ్లకు చెప్పి, కుదురుతుందని రాతపూర్వకంగా తెలుసుకున్నాకే మొదలుపెట్టండి. మీ ఇన్సూరెన్సు ఇలాంటి పనికి వర్తిస్తుందో లేదో కూడా చూసుకోండి.

ఆరు నెలల్లో కొయ్య ఎక్కి తెరచాప విప్పుతానని మాత్రం ఆశపడకండి. దానికి చాలాకాలం శిక్షణ కావాలి. ఇనుప ఓడకు తీరని పని తుప్పు గీకడం, అందులో ఫిట్టర్ చెయ్యి బాగా పనికొస్తుంది. అయితే వర్క్‌షాపులో కొట్టినట్టు కొడితే కుదరదు. నూట అరవై ఏళ్ల రేకు కొన్నిచోట్ల పలచబడి ఉంటుంది, చిప్పింగ్ హామర్ గట్టిగా పడితే చిల్లే. పొక్కు లేచినచోట మెల్లగా తట్టి, వైర్ బ్రష్ పట్టి, మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, అదే రోజు ప్రైమర్ వేయాలి. కడగడం మానేస్తే రంగు కింద మిగిలిన ఉప్పు చెమ్మను లాక్కుని నెలల్లోనే మళ్లీ పొక్కులు లేపుతుంది. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి మాస్కు కూడా.

చెక్క డెక్కుది తిరగేసిన లెక్క: ఉప్పునీళ్లతో కడిగితే మేలు, వాననీళ్లు నిలిస్తేనే కుళ్లుతుంది.

తాళ్ల పనిలో మూడు సంగతులు. మామూలు కుడిపేట తాడును (పేటలు కుడివైపుకు మెలితిరిగినదాన్ని) గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి, ఎదురు చుడితే మెలికపడి అవసరానికి జారదు. లాగేటప్పుడు చేతికి చుట్టుకోవద్దు. రెండు కొసలు పేని కలిపేటప్పుడు నార తాడుకు ఒక్కో పేటను మూడుసార్లు దూర్చితే చాలు. నైలాన్ జారుతుంది, దానికి ఐదుసార్లు దూర్చాలి. తాళ్ల పేర్లు అక్కడివాళ్లకే ఓ పట్టాన రావు, ఇంగ్లీషు గురించి బెంగ వద్దు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. ఇక్కడ ఇలాంటి ఓడ లేదు కదా, మేమేం చేయగలం?
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: కొత్తపట్నం వైపు వెళ్లి, మూలపడ్డ చెక్క పడవ ఒక్కటి దొరికితే కొలవండమ్మా. మన తీరంలో మేకు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసులా పడవలుండేవి. అల కొడితే వంగేవి తప్ప పగిలేవి కావు. 2025లో నౌకాదళంలో చేరిన కౌండిన్య అలా కుట్టిన ఓడే. పాత నక్షా ఏదీ మిగల్లేదు కాబట్టి దాన్ని అజంతా గుహలోని బొమ్మ చూసి రూపొందించాల్సి వచ్చింది.

పడవ ఈ కొస నుంచి ఆ కొసకు దారం బిగించి కట్టండి. ప్రతి 50 సెంటీమీటర్లకూ గుర్తు పెట్టి, అక్కడ వెడల్పు, దారం నుంచి అడుగుకు లోతు రాయండి. పలక మందం, కుట్టు రంధ్రాల మధ్య దూరం మరవద్దు. ఫొటోలో పక్కన స్కేలు ఉండాలి. ఒక్కో భాగాన్నీ అక్కడి పెద్దవాళ్లు ఏమంటారో వాళ్ల మాటల్లోనే రికార్డు చేయండి, పుస్తకాల్లో పేర్లు వెతికి సరిదిద్దొద్దు.

ప్రశ్న: మా వలలో పాత ఇనుప లంగరు పడింది. ఇంటి ముందు ఎండలో పెట్టాం. పెచ్చులు ఊడుతోంది. ఏం చేయాలి?
– జువ్వలదిన్నె

జవాబు: వెంటనే ఎండలోంచి తీసేయండి. ఇనుములోకి దిగిన ఉప్పు ఆరేకొద్దీ గట్టిపడి పెచ్చులను తోసేస్తుంది. సుత్తితో కొట్టొద్దు, రంగు వేయొద్దు. ప్లాస్టిక్ డ్రమ్ములో మునిగేలా పెట్టి, 20 లీటర్ల మంచినీళ్లకు కిలో చొప్పున చాకలి సోడా కలపండి. నీళ్లు అప్పుడప్పుడూ మార్చాలి. అలా నానుతుండగానే తహసీల్దారు ఆఫీసు ద్వారా పురావస్తు శాఖకు కబురు చేయండి. ఎక్కడ, ఎన్ని బారల లోతులో పడిందో ఇవాళే కాగితం మీద రాసిపెట్టుకోండి.