దేవునికీ మనకూ మధ్య అడ్డు ఎలా తొలగుతుంది?

ఎంత ప్రార్థించినా దేవుడు దూరంగానే ఉన్నట్టుంది, ఈ అడ్డు ఎలా తీసేయాలి అని అడిగారు.

అసలు అడ్డును తీసేది మనం కాదండీ. యేసు సిలువపై ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కిందికి రెండుగా చినిగిందని మత్తయి 27:51 చెబుతుంది. ఆ తెర దాటి, దేవుని సన్నిధి ఉండే అతి పరిశుద్ధ స్థలంలోకి ప్రధాన యాజకుడొక్కడే, అదీ ఏడాదికి ఒక్క రోజే వెళ్లేవాడు. అది చినిగిందంటే ఆ దారిని దేవుడే తెరిచాడన్నమాట. కాబట్టి దేవుణ్ణి ఒప్పించడానికి ఉపవాసాలు పెంచుకుంటూ పోనక్కర్లేదు.

మరి దూరమెందుకు? చాలాసార్లు దాచుకున్న పాపం వల్ల. యెషయా 59:2 ఇదే అంటుంది. 1 యోహాను 1:9 ప్రకారం ఒప్పుకుంటే క్షమాపణ ఉంది. "నా తప్పులన్నీ క్షమించు" అని గంపగుత్తగా కాదు, ఫలానా మనిషితో ఈ అబద్ధం ఆడాను అని విడమరిచి చెప్పండి.

మనం తేలిగ్గా వదిలేసేది తోటివారితో తగాదా. అర్పణను బలిపీఠం ముందే వదిలి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్నాడు యేసు (మత్తయి 5:23-24). గలిలయలో ఆ మాట విన్నవాళ్లకు బలిపీఠం ఉన్నది యెరూషలేములో, రోజుల తరబడి నడక దూరంలో. అయినా ముందు ఆ పనే చేయమన్నాడు. భార్యను గౌరవించని భర్త ప్రార్థనలకు ఆటంకం కలుగుతుందని 1 పేతురు 3:7 సూటిగా హెచ్చరిస్తుంది. ఈ వచనం మీద ప్రసంగాలు ఇంకా ఎక్కువగా రావాలని నా కోరిక.

అవతలివాళ్లు కలవకపోతే? మీ చేతనైనంత మట్టుకే బాధ్యత మీది (రోమా 12:18). ఇవన్నీ చేశాకా మౌనమే ఎదురైతే, ఏదో పాపం మిగిలిందని మిమ్మల్ని మీరు హింసించుకోకండి. నీతిమంతుడైన యోబు కష్టాల్లో ఉన్నప్పుడు, ఏదో పాపం వల్లే అని అతని స్నేహితులు చేసిన పొరపాటు అదే.