ఆనర్ సొసైటీని ఆనర్స్‌లో రాయాలా, యాక్టివిటీస్‌లో రాయాలా?

మీ బాబు నేషనల్ ఆనర్ సొసైటీలో (ఎన్‌హెచ్‌ఎస్, బాగా చదివే హైస్కూల్ పిల్లల్ని చేర్చుకునే సంఘం) ఉన్నాడు, కామన్ యాప్‌లో (చాలా అమెరికా కాలేజీలకి కలిపి అప్లై చేసే ఆన్‌లైన్ ఫారం) దాన్నెక్కడ పెట్టాలి, మృదంగం, తెలుగు బడి కూడా రాయొచ్చా అని అడిగారు కదండీ. రెండేళ్ల కింద మా అమ్మాయి అప్లై చేసినప్పుడు మాకూ ఇవే డౌట్లు.

ఆనర్స్‌లో, అంటే అవార్డులు, గుర్తింపులు రాసేచోట, 5 రాయొచ్చు, ఒక్కోదానికి 100 అక్షరాలు. యాక్టివిటీస్‌లో 10, ఏం చేశారో చెప్పడానికి 150 అక్షరాలే, స్పేసులతో కలిపి. మా అమ్మాయి ఫస్ట్ డ్రాఫ్ట్‌లో ఎన్‌హెచ్‌ఎస్‌ని యాక్టివిటీస్‌లో అన్నిటికన్నా పైన పెట్టి, ఆ 150 అక్షరాల్లో స్కాలర్‌షిప్, సర్వీస్, లీడర్‌షిప్, క్యారెక్టర్ అని సొసైటీ గురించే రాసేసింది. 1921 నుంచి ఉన్న సొసైటీ అండీ, అప్లికేషన్లు చదివేవాళ్లకి తెలీకుండా ఉంటుందా, వాళ్లకి కావాల్సింది మన పిల్ల ఏం చేసిందని. తనేమో ఏడాదంతా వారానికి రెండ్రోజులు లంచ్ టైమ్‌లో నైన్త్ గ్రేడ్ పిల్లలకి ఆల్జీబ్రా చెప్పింది, ఆ మాటే లేదు! అందుకని ట్యూటరింగ్‌ని యాక్టివిటీగా రాయించి, మెంబర్‌షిప్‌ని ఆనర్స్‌లో ఒక్క లైన్‌తో సరిపెట్టాం. మీవాడు ఆఫీసర్ అయితే మాత్రం యాక్టివిటీస్‌లోనే పెట్టండి, పొజిషన్‌కి 50 అక్షరాల బాక్సు వేరే ఉంటుంది.

డబ్బు కడితే మెంబర్‌షిప్ ఇస్తామని ఇంటికి లెటర్లొస్తాయి చూడండి, అలాంటిదానికి మేమూ ఒకసారి కట్టాం, తీరా అప్లికేషన్‌లో రాయడానికి తను చేసిందంటూ ఏమీ లేక వదిలేశాం.

ఒక్కో యాక్టివిటీకి వారానికి ఎన్ని గంటలో రాసేటప్పుడు జాగ్రత్త. అన్నీ కూడితే మా పిల్లకి వారానికి 50 దాటాయి, స్కూలు, హోంవర్క్ కాకుండా! కూర్చుని అసలు లెక్కలు వేసి మళ్లీ రాసింది.

మన ఇళ్లల్లో అందరూ మర్చిపోయేది ఇంకోటుంది. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు మా అమ్మాయే థెరపీకి తీసుకెళ్లేది, ఆవిడ తెలుగులో చెప్పేదంతా డాక్టర్‌కి ఇంగ్లీషులో చెప్పేది, ఇది ఇంటి పనే కదా అని రాయలేదు. యాక్టివిటీస్‌లో ఫ్యామిలీ రెస్పాన్సిబిలిటీస్ అని కేటగిరీయే ఉందండీ, కౌన్సెలర్ చెప్పేదాకా మాకు తెలీదు.

మృదంగం, తెలుగు బడి తప్పకుండా రాయండి, కాకపోతే మన భాష రానివాళ్లకి కూడా అర్థమయ్యేలా. యూసీలకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకి) మాత్రం అప్లికేషన్ వేరు, అక్కడ యాక్టివిటీస్, అవార్డులు అన్నీ కలిపి 20 దాకా, వివరానికి 350 అక్షరాలు, కాస్త ఊపిరాడుతుంది.

మీవాడు మృదంగం ఎన్నేళ్లుగా నేర్చుకుంటున్నాడు, ఎవరికైనా పక్కన వాయించాడా? చెప్పండి, 150లో ఎలా పట్టించాలో చూద్దాం.