సైట్ అమ్మి అమెరికా మ్యూజిక్ కాలేజీకి పంపాలా?

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ సెకండియర్), తెలుగులో, ఇంగ్లిష్‌లో సొంతంగా పాటలు రాసుకుని పాడుతుందట, బోస్టన్‌లోని బర్క్‌లీ మ్యూజిక్ కాలేజీలో చదివి అటూ ఇటూ రెండు దేశాల్లో పాడుకుంటానంటోందట, హోస్కోటె దగ్గర సైట్ అమ్మి పంపాలా లేక ఇక్కడే బీటెక్‌లో వేసేయాలా అని అడిగారు.

సార్, కోప్పడకండి, మీరు పిల్లని పంపేది పాట కోసమా, అమెరికా కోసమా? "పాట కుదరకపోయినా అక్కడే ఏదో జాబ్ చూసుకుంటుంది" అని చివర్లో రాశారు చూడండి, మీ అసలు ప్రశ్న అదే. మెయిల్‌లో సైట్ రేటు ఉంది, ఫీజు లెక్క ఉంది, అమ్మాయి పాట ఎలా ఉంటుందో మాత్రం ఒక్క ముక్క లేదు.

పైగా ఆ జాబ్ లెక్క కుదరదు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్ల పర్మిషన్ లేకుండా బయట కేఫ్‌లో డబ్బులు తీసుకుని పాడకూడదు, చదువయ్యాక ఓపీటీ, అంటే చదివిన ఫీల్డ్‌లో పని చేసుకునే పర్మిషన్, ఒక ఏడాది, ఇంజినీర్లకి ఇచ్చే ఇంకో రెండేళ్లు మామూలుగా మ్యూజిక్ డిగ్రీకి ఇవ్వరు, ఇక అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకిచ్చే ఓ-1 వీసా అంటారా, దానికి ముందే పేరు తెచ్చుకుని ఉండాలి. అందరూ నాకు సిద్ శ్రీరామ్‌ని చూపిస్తారు. ఆయన చెన్నైలో పుట్టినా పెరిగింది కాలిఫోర్నియాలో, బర్క్‌లీ ఆ తర్వాత. మన తెలుగింటి ర్యాపర్ రాజకుమారి పుట్టిందే అక్కడ. వాళ్లు ఇల్లు అక్కడుండగా పాటకి ఇటొచ్చారు, మీ అమ్మాయిది తిరగేసిన రూటు.

అయినా భయపడకండి, మనిషికి వీసా కావాలి గానీ పాటకి అక్కర్లేదు. తను ఉత్త సింగర్ కాదు, రాస్తుంది కూడా, అదే పెద్ద బలం. పాటలు రాసేవాళ్లకి, కట్టేవాళ్లకి రాయల్టీ వసూలు చేసిపెట్టే సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో మెంబర్‌గా చేర్పించండి, బయటి దేశాల్లో మోగినా అక్కడి సొసైటీల ద్వారా రాయల్టీ రావడానికి దారి అదే. ఫ్రెండ్‌తో కలిసి పాట కడితే ఎవరి వాటా ఎంతో ఆ రోజే కాగితం మీద రాసుకోమనండి, తర్వాత స్నేహాలు చెడతాయి, చాలామందిని చూశా.

బీటెక్ అడిగారు కదా, ఇష్టం లేకపోతే వద్దు. సాయంత్రాలు ఖాళీగా ఉండే బీకామ్ అయినా చాలు. మ్యూజిక్కే చదవాలంటే రెహమాన్ 2008లో పెట్టిన కేఎం కన్జర్వేటరీ చెన్నైలోనే ఉంది, రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి దిగొచ్చు. ఇందిరానగర్, కోరమంగళ ఓపెన్ మైక్‌లలో పాడనివ్వండి, మూడేళ్లలో పది పాటలు రిలీజ్ చేయనివ్వండి. అప్పటికీ బోస్టనే అంటే సైట్ సంగతి మాట్లాడదాం, ఈలోపు దాని రేటూ పెరుగుతుందేమో.