నీలి రాయిని గీకి చూసే ముందు

చిరంజీవి బాబుకి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం, ఫోటోలు అందాయి. తెల్లటి రాతి మీద మూడు మూలల నీలి స్ఫటికం, దాని పక్కనే నల్లటి పుల్లల్లాంటివి, పాత చీటీ మీద మాత్రం ‘నీలమణి’ అని ఉందన్నావు. నాకైతే అది నీలమణి కాదు, బెనిటోయిట్ అనే వేరే ఖనిజం అనిపిస్తోంది. అయినా ఫోటో చూసి తేల్చకూడదు, నువ్వే పరీక్ష చేసుకో. ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నాను. గట్టిదనం చూద్దామని దాన్ని దేనితోనూ గీకకు. పది దాకా ఉండే మోస్ కొలతలో నీలమణి కాఠిన్యం 9. బెనిటోయిట్‌ది 6 నుంచి 6.5 మాత్రమే. నా అనుమానం నిజమైతే, అది తెలిసేసరికే గీత పడిపోయి ఉంటుంది. గుడ్డతో కూడా తుడవకు. దుమ్ములో ఉండే క్వార్ట్జ్ రేణువుల కాఠిన్యం 7, అవే గీతలు పెడతాయి. గాలి ఊది దులుపు, చాలు.

ఈ పొరపాటు నీ చీటీతో మొదలైంది కాదు. 1907లో కాలిఫోర్నియాలోని శాన్ బెనిటో కౌంటీలో ఇది దొరికినప్పుడు కూడా మొదట నీలమణి అనే అనుకున్నారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రవేత్త జార్జ్ లౌడర్‌బ్యాక్ పరీక్షించి, ఇది కొత్త ఖనిజమని చెప్పి, ఆ ప్రాంతం పేరే పెట్టాడు. బేరియం, టైటానియం కలిసిన సిలికేట్ ఇది. సిలికాన్, ఆక్సిజన్ మూడేసి జట్లుగా చిన్న ఉంగరాల్లా అల్లుకుని ఉంటాయి. ఆ మూడు లెక్కే బయటికి మూడు మూలల ఆకారంగా కనిపిస్తుంది. ఆకారంలోని సౌష్ఠవాన్ని బట్టి స్ఫటికాలకు 32 తరగతులే సాధ్యమని 1830లోనే హెస్సెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త లెక్కకట్టాడు. అందులో ఒక తరగతికి ఉదాహరణగా చూపడానికి ఖనిజమే లేక, బెనిటోయిట్ దొరికేదాకా ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. కాగితం మీద లెక్క చూసుకున్న డెబ్బై ఏడేళ్లకు రాతిలో కనబడడం! ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక పరీక్షలు. మొదట పగటి వెలుతురులో భూతద్దం పెట్టి, రాయిని మెల్లగా తిప్పుతూ చూడు. బెనిటోయిట్ అయితే ఒక వైపు నుంచి చక్కని నీలం, మూడు మూలలూ నీకు ఎదురుగా ఉండేలా చూస్తే దాదాపు రంగే ఉండదు. సానపెట్టేవాళ్లు దిక్కు చూసుకోకుండా కోస్తే రాయి వెలవెలబోయేది ఇందుకే.

తర్వాత యూవీ దీపం. షార్ట్ వేవ్ ఉన్నదే కావాలి, అంటే 254 నానోమీటర్లది. మామూలు లాంగ్ వేవ్ టార్చ్‌తో చూసి ‘వెలగలేదు’ అని కొట్టిపారేయకు, చాలా బెనిటోయిట్లు దానికి స్పందించవు. చీకటి గదిలో షార్ట్ వేవ్ కింద పెడితే మాత్రం నిప్పులాంటి నీలి వెలుగు వస్తుంది. మొదటిసారి చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. రాయి మీద గాజు మూత ఉంటే తీసెయ్యి, ఆ కిరణాలు మామూలు గాజులోంచి పోవు.

సానపెట్టిన విడి రాయి ఎప్పుడైనా చేతికొస్తే ఇంకో రెండు దారులున్నాయి. రాయిలో వెలుతురు ఎంత వంగుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో నీలమణి 1.762, 1.770 దగ్గర చూపిస్తుంది. బెనిటోయిట్‌కి 1.757, 1.804. తొందరపడి ఒక్క రీడింగే తీసుకున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే మోసపోతారు. రెండో రీడింగ్ కోసం ఆగాలి. బెనిటోయిట్ రెండు రీడింగుల మధ్య ఇంత తేడా ఉంటుంది కాబట్టే, భూతద్దంతో పై నుంచి చూస్తే అడుగున ఉన్న అంచులు జంట గీతల్లా కనిపిస్తాయి. సాంద్రత కూడా వేరు. నీలమణిది 4.0, దీనిది 3.65 దరిదాపుల్లో. నీళ్లలో తూచి చూస్తే తెలిసిపోతుంది. కానీ నీది రాతికి అతుక్కుని ఉంది కాబట్టి ఈ లెక్క పనికిరాదు. దానికోసమని ఊడదీయకు.

ఆ తెల్లటి రాయి నేట్రోలైట్ అనే ఖనిజం, నల్ల పుల్లలు నెప్ట్యునైట్ అనే ఖనిజం అయి ఉండాలి. నల్లదాని పలుచని అంచు వెనక లైటు పెట్టు, ముదురు ఎరుపు కనిపిస్తే అదే. సర్పెంటీన్ అనే పచ్చటి రాతి కొండల్లో ఇరుక్కున్న నీలి షిస్టు అనే పొరల రాతి పగుళ్లలోకి వేడి ద్రవాలు చేరి వీటిని పెంచాయి. పైన నేట్రోలైట్ మంచులా కప్పేసింది. జపాన్‌లోనూ, అర్కాన్సాస్‌లోనూ బెనిటోయిట్ ఉంది కానీ, రత్నంగా కోయదగ్గ స్ఫటికాలంటే పేరున్నది ఆ కాలిఫోర్నియా కొండే. 1985లో ఆ రాష్ట్రం దీన్ని తన అధికారిక రత్నంగా ప్రకటించింది. సానపెట్టాక ఒక క్యారెట్ దాటేవి చాలా అరుదు.

నేట్రోలైట్‌ని పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కరిగించి స్ఫటికాలను బయటపెడతారు. నీకూ ఆ ఆశ పుడుతుందని తెలుసు. కొత్తలో నేనూ ఒక ముక్కను రాత్రంతా యాసిడ్‌లో వదిలేశాను. పొద్దున చూస్తే తెల్లదంతా పోయి, స్ఫటికాలు విడివిడిగా గిన్నె అడుగున పడున్నాయి. ఏది దేని పక్కన పెరిగిందో చెప్పే సాక్ష్యం పోయింది. ఆ డబ్బా తెరిచినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నీ ముక్క మీద స్ఫటికం ఎలాగూ కనిపిస్తోంది కాబట్టి యాసిడ్ జోలికే పోకు. శబ్ద తరంగాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మెషీన్‌లోనూ వేయకు, ఇది పెళుసు రాయి.

పాత చీటీ తప్పే అయినా పారేయకు. నీ చీటీ దానికి జతగా పెట్టు. ఏ తేదీన, ఏ దీపంతో, ఏం చూశావో అందులో ఉండాలి. దీపం కింద ఏం కనిపించిందో అదే రోజు నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా పర్వాలేదు.

నీ పెదనాన్న