డబుల్ క్లిక్ చేస్తే నడిచే స్క్రిప్టు తెల్లవారుజామున 4కి ఎందుకు మొరాయిస్తుంది?

అడిగింది ఇదీ: భీమవరం వైపు రొయ్యల చెరువుల ఆఫీసు. పక్క కంప్యూటర్లోంచి జెడ్ డ్రైవ్ ద్వారా డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు తీసుకుని, తగ్గిన చెరువుల జాబితా తెల్లవారుజామున 4 గంటలకి పంపాల్సిన పైథాన్ స్క్రిప్టు. చేత్తో నొక్కితే నడుస్తోంది, విండోస్‌లో టైముకి పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్లో పెడితే నడవట్లేదు. కోడ్ తిరగరాసినా ఫలితం లేదట.

కోడ్ జోలికి ఇక వెళ్లకండి. చేత్తో నడిచిందంటే తప్పు దాదాపు ఎప్పుడూ బయటే ఉంటుంది.

ముందు కరెంటు సంగతి చూడండి, డెల్టాలో ఎవరూ అనుమానించనిది అదే. కొత్త టాస్క్ చేసినప్పుడు కండిషన్స్ ట్యాబ్‌లో, ఏసీ పవర్ మీద ఉంటేనే మొదలుపెట్టమనే గడికీ, బ్యాటరీకి మారితే ఆపెయ్యమనే గడికీ టిక్కు పడే ఉంటుంది. అవి ల్యాప్‌టాప్‌లకే అనుకుంటారు. యూపీఎస్‌కి యూఎస్‌బీ వైరు కలిపి ఉంటే డెస్క్‌టాప్‌ని కూడా విండోస్ బ్యాటరీ మెషీన్‌గానే చూస్తుంది. రాత్రి లైను పోయిందా, టాస్క్ మొదలే కాదు, నడుస్తున్నదీ ఆగిపోతుంది. తెల్లారే ముందు డీవో అసలే అడుగున ఉంటుంది, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లూ ఆగుతాయి, సరిగ్గా అప్పుడే మీ రిపోర్టూ పడుకుంటుంది. ఆ రెండు టిక్కులూ తీసేయండి. సెట్టింగ్స్‌లో, టైము తప్పితే వీలైనంత త్వరగా నడపమనే గడికి మాత్రం టిక్కు పెట్టండి, దానంతటది ఉండదు. రీడింగులున్న పక్క కంప్యూటరూ మధ్యలో స్విచ్చూ కూడా యూపీఎస్ మీద లేకపోతే ఇదంతా దండగ.

తర్వాత జెడ్ డ్రైవ్. యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడపమని పెట్టారంటే, మీరు లాగిన్ అయ్యాక కనబడే డ్రైవ్ అక్షరాలు ఆ టాస్క్‌కి ఉండవు. స్క్రిప్టులో జెడ్ తీసేసి \\ తో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ చిరునామా రాయండి. టాస్క్‌కి పాస్‌వర్డ్ అడిగినప్పుడు అసలు పాస్‌వర్డే ఇవ్వాలి, పిన్ పనికిరాదు. పాస్‌వర్డ్ మార్చిన రోజు ఇక్కడా మార్చాలి. ఇవేమీ చూడకుండా హైయెస్ట్ ప్రివిలేజెస్ (అడ్మిన్ హక్కులతో నడపమనే) టిక్కు పెట్టెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు ఊరికొకరు ఉంటారు. దానితో జెడ్ డ్రైవ్ రాదండి.

స్టార్ట్ ఇన్ గడి ఖాళీగా వదిలితే పని సిస్టమ్32 ఫోల్డర్‌లో మొదలవుతుంది, మీ ఫైళ్లు దొరకవు. అక్కడ ఫోల్డర్ పూర్తి పాత్ ఇవ్వండి, కొటేషన్ గుర్తులు లేకుండా. గుర్తులు పెడితే టాస్క్ ఫలితం దగ్గర 0ఎక్స్8007010బి అనే కోడ్ వస్తుంది. 0ఎక్స్2 అంటే ఫైలు దొరకలేదని. 0ఎక్స్41303 అంటే ఇంకా ఒక్కసారీ నడవలేదని. 0ఎక్స్1 అంటే మాత్రం ఏమీ చెప్పనట్టే, లాగ్ కావాలి, అంటే స్క్రిప్టు చెప్పిందంతా రాసి ఉంచే ఫైలు.

లాగ్ కోసం ఆర్గ్యుమెంట్స్ గడిలో నేరుగా > గుర్తు రాస్తే పనిచేయదు. చిన్న బ్యాచ్ ఫైలు (కమాండ్లు రాసి ఉంచే .bat ఫైలు) చేసి, అందులో పైథాన్ పూర్తి పాత్, స్క్రిప్టు పూర్తి పాత్, >> తర్వాత లాగ్ ఫైలు పేరు, చివర (ఎర్రర్లూ లాగ్‌లోనే పడేలా) 2>&1 రాసి, టాస్క్‌లో ఆ బ్యాచ్ ఫైలునే పెట్టండి. ఇక్కడ మనవాళ్లకి ఇంకో గొయ్యి ఉంది. రైతుల పేర్లు తెలుగులో ప్రింట్ చేస్తే స్క్రీను మీద చక్కగా వస్తాయి, అదే ఫైల్లోకి మళ్లిస్తే పైథాన్ పాత ఎన్‌కోడింగ్ వాడి యూనికోడ్ ఎర్రర్‌తో చచ్చిపోతుంది. బ్యాచ్ ఫైలు మొదట్లో పైథాన్‌యూటీఎఫ్8 అనే వేరియబుల్‌ని (ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా) 1గా సెట్ చేయండి. పైథాన్ 3.7 నుంచి పనిచేస్తుంది.

లినక్స్‌లో టైముకి పనులు నడిపే క్రాన్‌లోనూ రోగం ఇదే: ప్రోగ్రాములు వెతికే ఫోల్డర్ల జాబితా (PATH) కురచగా ఉంటుంది, % ముందు \ పెట్టకపోతే లైను అక్కడే తెగుతుంది. సర్వర్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటే మన 4 గంటలు అక్కడ ముందురోజు రాత్రి 22:30.

పరీక్ష కూడా డబుల్ క్లిక్‌తో కాదు. ట్రిగ్గర్‌ని (టాస్క్ మొదలయ్యే టైముని) ఇప్పటినుంచి అయిదు నిమిషాల తర్వాతకి పెట్టి, లాగాఫ్ అయిపోయి, యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి పీకి చూడండి. అప్పుడు లాగ్‌లో లైను పడితేనే నడిచినట్టు.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. డీవో తగ్గితేనే మెసేజ్ పంపే స్క్రిప్టు రాయకండి. మెసేజ్ రాలేదంటే చెరువులు బాగున్నాయో స్క్రిప్టు చచ్చిందో తెలీదు. అన్నీ బాగున్నా 4 గంటలకి చూశానని ఒక లైను రావాలి, 4:15 దాకా రాకపోతే కాపలా మనిషి మీటరు పట్టుకుని గట్టు మీదికి వెళ్లాలి. కరెంటు పోతే మోగే సైరన్ ఏరేటర్ల పానెల్ దగ్గర విడిగా, సొంత బ్యాటరీతో ఉండాలి, దానికీ విండోస్‌కీ సంబంధం పెట్టొద్దు.