నాన్నకు బటన్ ఫోనే ఎందుకు నచ్చుతుంది?

ప్రశ్న: రైతు అయిన మా నాన్నకు ఉగాదికి 18 వేలు పెట్టి మంచి కెమెరా, పెద్ద తెర ఉన్న స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాను. వారం తిరక్కుండానే దాన్ని బీరువాలో పెట్టి మళ్లీ పాత బటన్ ఫోనే పట్టుకున్నారు. ఎలా చెప్తే వింటారు?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: చెప్పడం తర్వాత. ముందు ఆయన ఆ ఫోన్‌తో ఏం పని చేస్తున్నారో చూడండి. మా రిపేరు షాపుకొచ్చే రైతుల్లో చాలామందికి ఫోనంటే సగం మోటారు స్విచ్చే. బోరు దగ్గర స్టార్టర్ డబ్బాలో సిమ్ ఉంటుంది, ఇంట్లోంచి రింగ్ ఇస్తే మోటారు ఆన్ అవుతుంది. బటన్ ఫోన్‌లో ఆ నంబరును ఒక అంకెకు పెట్టుకుంటే చాలు, చీకట్లో తడుముకుని ఆ బటన్ నొక్కిపట్టొచ్చు.

ఇక చేతుల సంగతి. టచ్ స్క్రీన్ పనిచేసేది మనం నొక్కే బలంతో కాదు, వేలు తగిలినప్పుడు తెర మీద విద్యుత్తులో వచ్చే చిన్న మార్పుతో. పొలంలోంచి తడి చేత్తో వచ్చి తాకితే అది తికమకపడుతుంది. కాయలు కాచి ఎండిపోయిన వేలికైతే ఒక్కోసారి అసలు పలకదు. ‘డిస్‌ప్లే పోయింది సార్’ అని తెచ్చిన కొన్ని ఫోన్లకు నేను చేసింది గుడ్డతో తుడవడమే. (డబ్బులు తీసుకోలేదు లెండి.)

నోకియా 2003లో తెచ్చిన 1100 మోడల్‌కు కెమెరా లేదు, రంగుల తెర లేదు. టార్చి, దుమ్ము దూరని కీప్యాడ్ ఉన్నాయి. ప్రపంచమంతా కలిపి 25 కోట్ల దాకా అమ్ముడయ్యాయి. అంతమందీ ఏమీ తెలియక కొన్నారా?

మా షాపు పక్కన కూరగాయలమ్మే ఆవిడకు సౌండ్‌బాక్స్ ‘40 రూపాయలు వచ్చాయి’ అని గట్టిగా చెప్పాలి, అంతే. తక్కెడ పట్టుకుని మెసేజ్ ఎవరు చూస్తారు? మా అబ్బాయేమో 120 హెర్ట్జ్ తెర (సెకనుకు 120 సార్లు బొమ్మ మారేది) లేనిది ఫోనే కాదంటాడు. వాడు ఆడే గేముల్లో ఆ తేడా తెలుస్తుంది, నిజమే. మీ నాన్నగారికి దాంతో ఏం పని?

డబ్బు పంపడం కోసమే మీ టెన్షన్ అయితే, 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే బటన్ ఫోన్‌లో నెట్ లేకుండానే పనిచేస్తుంది. వీడియో కాల్ కోసమైతే ఆ స్మార్ట్‌ఫోన్ అమ్మగారికివ్వండి. నాన్నగారికి కొత్తది కొనాలనుంటే రెండు సిమ్‌లు పట్టే బటన్ ఫోన్ చూడండి. జియో సిమ్ వాడుతుంటే 4జీదే తీసుకోవాలి, 2జీ ఫోన్‌లో అది పనిచేయదు. ఈసారి మాత్రం ఆయన్ని షాపుకు తీసుకెళ్లి, బటన్లు ఆయన చేతే నొక్కించి చూశాకే బిల్లు కట్టండి.